పులియాంతోపు ఆరెకటిక కుటుంబం: ముత్తాత వెనక తరాలు ఎక్కడ దొరుకుతాయి?

తొట్టివీధి
మా ఇంటి కేసు ఇది, తెలిసినవాళ్లు దారి చెప్పండి. చెన్నై పులియాంతోపులో తరాలుగా మటన్ అంగడి నడిపిన ఆరెకటిక (మాంసం వ్యాపారం చేసే కులం) కుటుంబం. ఇంట్లో ఆరె మాట (మా కులం వాళ్ల ఇంటి భాష), బయట తెలుగు, అంగట్లో తమిళం. చేతిలో ఉన్నవి: తాత పేరుతో కార్పొరేషన్ లైసెన్సులు మూడు (1958, 1961, 1974), 1949 నాటి తనఖా దస్తావేజు జిరాక్సు (చివరి పేజీ లేదు), ఒక ఇనుప తూకపు గుండు, "ధాత కరువులో దిగొచ్చాం" అని నాయనమ్మ చెప్పిన ఒక్క ముక్క. ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. కాగితాలన్నిటిలో పేరు ముందు 'కె' అనే ఉంది. తెలియాల్సినవి రెండు: ముత్తాత తండ్రి పేరు, బయల్దేరిన ఊరు. శివాజీ సైన్యంతో వచ్చామన్న కథ దయచేసి వద్దు, అది ప్రతి ఇంట్లోనూ ఉంది.

దస్తావేజులేఖరి
జిరాక్సులో మొదటి రెండు పేజీలున్నాయిగా, చాలు. "ఈ ఆస్తి నాకు సంక్రమించిన విధము" అనే చోటు చూడండి. అక్కడ ముందటి దస్తావేజు నంబరు, సంవత్సరం, ఒకటో బుక్కు, వాల్యూము, పేజీ ఉంటాయి. దాన్ని పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగండి. ఆ కాపీలో ఇంకా ముందటి దస్తావేజు నంబరు ఉంటుంది. అలా ఒక్కో మెట్టు దిగాలి. పేర్లతో వెతకడం ఆ తర్వాతి మాట.

పాత దస్తావేజు ఎందుకు బంగారమో చెప్తాను. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రాసిచ్చేవాడి పేరు పక్కన నివాసం, వృత్తి, తండ్రి పేరు రాయాలి. 1956 సవరణ దాకా కులం కూడా రాయాల్సిందే. అందుకని 1949 దస్తావేజులో "ఫలానా వారి కుమారుడు, ఆరె కులం, కటిక వ్యాపారం, ఫలానా వీధి కాపురం" అని ఒకే వాక్యంలో నాలుగు సంగతులు పడతాయి. 1956 తర్వాతి వాటిలో అంత ఉంటుందని ఆశపడొద్దు.

బుక్కుల తేడా తెలుసుకుని వెళ్లండి, కౌంటర్లో తిప్పి పంపకుండా ఉంటారు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో బుక్కులో ఉంటాయి. దాని ఇండెక్సులు రెండు, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. ఇవి ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, చట్టంలో 57వ సెక్షను. మూడో బుక్కు వీలునామాలది. రాసినవాళ్లు బతికుండగా వాళ్లకే కాపీ ఇస్తారు, పోయాక ఎవరడిగినా ఇస్తారు. నాలుగో బుక్కు ఇతర ఒప్పందాలది. దాని కాపీ రాసినవాళ్లకో, దాని కింద హక్కున్నవాళ్లకో, వాళ్ల ప్రతినిధికో తప్ప ఇవ్వరు. వారసుడినని రుజువు చూపిస్తే తీసుకోవచ్చు.

తమిళనాడు రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) అంత పాత సంవత్సరాలకు దొరక్కపోవచ్చు. 1949 దానికోసం ఆన్‌లైన్లో తవ్వి "ఏమీ లేదు" అని వదిలేసినవాళ్లు బోలెడు.

పాతపట్నం
లేఖరి గారు చెప్పినదానికి ఒక ముడి. పులియాంతోపు ఆస్తి ఎప్పుడూ ఒకే సబ్ రిజిస్ట్రార్ కింద ఉందనుకోవద్దు. సరిహద్దులు మారుతూ వచ్చాయి. పెరియమేట్, పురసవాక్కం, సెంబియం, మూడు చోట్లా అడగాలి.

రెండోది డోర్ నంబరు. చెన్నైలో పాత నంబరు, కొత్త నంబరు అని రెండు రాస్తారు కదా, 1949 నంబరు ఈ రెండూ కాక మూడోది అయ్యుండొచ్చు. వీధి పేరూ మారి ఉండొచ్చు, 1970ల చివర్లో వీధి పేర్లలోంచి కులం పేర్లు తీసేశారు. కాబట్టి నంబరును నమ్మకండి, నాలుగు హద్దులు చూడండి. తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ సందు అన్నది దస్తావేజు నుంచి దస్తావేజుకి పోల్చుకుంటూ పోవాలి. పాత సర్వే నంబరు, రీసర్వే నంబరు ఉంటే ఇంకా మేలు. ఆ నంబరుతో తాలూకా ఆఫీసులో పర్మనెంట్ ల్యాండ్ రిజిస్టరు ఎక్‌స్ట్రాక్టు అడగొచ్చు.

ఇనీషియల్
'కె' గురించి. తమిళనాట ఇనీషియల్ అంటే తండ్రి పేరు. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు. ఈ రెండు పద్ధతులూ ఒకే కుటుంబంలో కలిసిపోయాయంటే ఏ తరంలోనో మారిందన్నమాట. తాతదీ, తాత అన్నదమ్ములదీ, వాళ్ల పిల్లలదీ ఇనీషియల్ పక్కపక్కన పెట్టి చూడండి. అందరికీ 'కె' అయితే అది ఇంటిపేరో కులం పేరో. తాత పిల్లలకు తాత పేరులోని మొదటి అక్షరం వస్తే, అప్పటికే తమిళ పద్ధతిలోకి మారారు, అంటే తాత 'కె' ముత్తాత పేరు అయ్యుండొచ్చు. కటికె, కటిక, ఖటిక్ అన్నీ ఇంగ్లీషు స్పెల్లింగులో అదే అక్షరంతో మొదలవుతాయి, అది కూడా మర్చిపోవద్దు.

ఆరెమాట
తొట్టివీధి అన్నా, ఇంట్లో 'ఆరె మాట' అని ఊరుకుంటే సరిపోదు. అది మరాఠీ వైపుదా దక్కనీ (దక్షిణాది ఉర్దూ) వైపుదా తేల్చాలి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి పది మాటలు రికార్డు చేస్తే చాలు, అయితే సరైన పది అడగాలి.

అంగడి మాటలు అడగొద్దు. కలేజీ, గుర్దా, భేజా, తిల్లీ, కీమా, పాయా ఇవి కోత పనిలో ఉన్న అందరివీ. హైదరాబాదు నుంచి మద్రాసు దాకా ముస్లిం కసాయిలు, హిందూ కటికలు ఒకేలా అంటారు. వాటితో ఏదీ తేలదు.

యాభైని ఏమంటారో అడగండి. 'పన్నాస్' అంటే మరాఠీ, 'పచాస్' అంటే హిందీ-దక్కనీ. కంటిని 'డోళా' అంటే మరాఠీ, 'ఆంఖ్' అంటే రెండోది. "ఉంది" అనడానికి 'ఆహే' వాడతారా 'హై' వాడతారా? తాతను 'ఆజా', నాయనమ్మను 'ఆజీ', మేనత్తను 'ఆత్యా' అంటారా? లెక్కలు, చుట్టరికాలు, ఒంటి అవయవాలు చివరిదాకా మారవు. 'నక్కో' (వద్దు) వినబడింది కదా మరాఠీ అనుకోవద్దు, దక్కనీలోనూ అదే మాట.

ఇంటి దేవుడు ఎవరో కూడా రాయండి. తుళజా భవానీ, ఖండోబా, మల్లన్న... ఇది ఊరిని చూపదు, దిక్కు చూపుతుంది అంతే. భవానీని మొక్కినంత మాత్రాన తుళజాపూర్ నుంచి వచ్చినట్టు కాదు. ఇంటిపేరు ఎక్కడైనా 'కర్' అని ముగిస్తే మాత్రం దానికి ముందున్నది చాలావరకు ఊరి పేరై ఉంటుంది. మద్రాసు కాగితాల్లో ఆ 'కర్' రాలిపోయి ఊరి పేరే మిగలొచ్చు.

గడ్డికొండారం
డీఎన్ఏ టెస్టు చేయించండి. గంటలో తేలిపోతుంది.

ఆరెమాట
గంటలో తేలదు, నెలల్లోనూ తేలదు. ఆ టెస్టు పనికిరావాలంటే అదే తెగ వాళ్లు తగినంతమంది అందులో ముందే ఉండాలి. ఆరెకటికల్లో ఎంతమంది చేయించుకున్నారని? నూట యాభై ఏళ్ల కింద ఏ తాలూకాలో ఉన్నారో లాలాజలం చెప్పదు.

రిపన్‌భవనం
లైసెన్సుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అక్కడే అసలు సరుకుంది. కటిక వాళ్ల చరిత్ర వెతికేవాళ్లు కులం పుస్తకాలు తిరగేస్తారు, అంగడి కాగితాలు వదిలేస్తారు. చెప్పులు కుట్టేవాడికీ బుట్టలల్లేవాడికీ ఊళ్లో ఇన్ని కాగితాలుండవు. ఆ రోజుల్లో మాంసం అమ్మాలంటే 1919 మద్రాసు నగర మున్సిపల్ చట్టం కింద కార్పొరేషన్ లైసెన్సు ఉండాల్సి వచ్చేది, ఏటా మార్చుకోవాల్సి వచ్చేది, కోత ఆడుతొట్టిలోనే (కార్పొరేషన్ కోత కేంద్రంలోనే) జరగాల్సి వచ్చేది, దానికి ఫీజు కట్టాల్సి వచ్చేది. అంటే ప్రతి ఏడూ ఒక ఎంట్రీ.

ఉన్న మూడు లైసెన్సుల మీద నంబరు, డివిజను, అంగడి చిరునామా చూడండి. 1958కి ముందు అదే చిరునామాలో లైసెన్సు ఎవరి పేరుతో ఉందని సమాచార హక్కు కింద అడగండి. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా కుటుంబ చరిత్ర కావాలి" అని రాస్తే తిరిగొస్తుంది. ఇలా రాయండి: "ఫలానా డివిజనులో ఫలానా చిరునామాకు 1940 నుంచి 1958 దాకా ఇచ్చిన మాంసం అంగడి లైసెన్సు రిజిస్టరు నకలు. రిజిస్టరు లేకపోతే అది ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో నాశనం చేశారో ఆ కాగితం నకలు." రెండో వాక్యం లేకపోతే "అందుబాటులో లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: లైసెన్సు మీద పేరుంది కాబట్టి మనిషి బతికున్నాడనుకోవడం. పేరు మార్పిడికి తిరగలేక చనిపోయినవాళ్ల పేరుతోనే ఏళ్ల తరబడి కట్టుకుంటూ పోతారు. 1974 లైసెన్సు తాత పేరుతో ఉండొచ్చు, తాత 1969లోనే పోయుండొచ్చు. మరణం తేదీకి లైసెన్సును సాక్ష్యం చేయొద్దు.

అంగడి మూర్ మార్కెట్‌లోదైతే "1985 మంటల్లో అన్నీ పోయాయి" అంటారు. కాలింది మార్కెట్. స్టాలు అద్దె లెక్క కార్పొరేషన్‌ది, అది వేరు. అడగకుండా వదలొద్దు.

తొట్టివీధి
అందరికీ నమస్కారం. గుండు కింద ఒక చిన్న గుంటలో సీసం కనబడుతోంది, దాని మీద ఏదో ముద్ర. పైన అంకె అరిగిపోయింది. దీంతో ఏమైనా తేలుతుందా?

తక్కెడ
ముందు తూచండి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు. సుమారు 1,400 గ్రాములు వస్తే వీశె. 700 అయితే అర వీశె. 280 అయితే సేరు. 35 అయితే పలం. మద్రాసు లెక్క ఇది: 8 పలాలు సేరు, 5 సేర్లు వీశె, 8 వీశెలు మణుగు. అరుగుదల వల్ల కాస్త తక్కువే వస్తుంది. గుండ్రంగా 500, 1000, 2000 దగ్గర పడితే మెట్రిక్ గుండు, అంటే 1960 ప్రాంతం లేక ఆ తర్వాతది.

సీసం మీద ముద్ర తనిఖీదారుది. ఇనుము మీద ముద్ర నిలవదు కాబట్టి గుంట తొలిచి సీసం పోసి దానిమీద కొడతారు. మెట్రిక్ గుండయితే సంవత్సరం చివరి రెండంకెలు, మూడు నెలల గడువుకి ఒక ఇంగ్లీషు అక్షరం (ఏ, బీ, సీ, డీల్లో ఒకటి) ఉంటాయి. సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీయండి. నిమ్మరసం, చింతపండు పెట్టి తోమారో, ముద్ర పోతుంది. వైరు బ్రష్ అసలే వద్దు.

ఇంతా చేసి అది గుండు వయసు చెబుతుంది, అంగడి వయసు కాదు. గుండ్లు చేతులు మారతాయి.

ఓటేరి
జనన మరణాలు. మద్రాసులో పాత చట్టాల కింద నమోదు జరిగేది, 1969 చట్టం తర్వాత ఇప్పటి పద్ధతి. కార్పొరేషన్ వెబ్‌సైట్లో దొరికేవి దగ్గరి దశాబ్దాలవే. పాతవాటికి దరఖాస్తు పెట్టి రిజిస్టరు వెతికించాలి.

పాత జనన ఎంట్రీలో పిల్లాడి పేరు చాలాసార్లు ఉండదు. 'మగ శిశువు', తండ్రి పేరు, వీధి, అంతే. కాబట్టి తాత పేరుతో అడిగితే "లేదు" అనే వస్తుంది. తండ్రి పేరు, వీధి, అటూ ఇటూ మూడేళ్లు ఇచ్చి అడగండి. "నమోదు దొరకలేదు" అని ధ్రువపత్రం ఇస్తే పుట్టలేదని కాదు, ఆ పేరుతో కనబడలేదని.

మరణం ఎంట్రీ ఇంకా మంచిది. చెప్పినవాళ్ల పేరు, చుట్టరికం ఉంటాయి. మరణ కారణం మాత్రం నకల్లో ఇవ్వరు, చట్టమే వద్దంది. ఓటేరి, మూలకొత్తళం శ్మశానాల రిజిస్టర్లూ కార్పొరేషన్‌వే, తేదీ తెలిస్తే అక్కడా అడగొచ్చు.

బడి మర్చిపోకండి. చేరిక రిజిస్టరులో తండ్రి పేరు, వృత్తి, కులం, మాతృభాష ఉంటాయి. కార్పొరేషన్ తెలుగు బళ్లు మూతపడితే ఆ రిజిస్టరు దగ్గర్లోని ఏ బడికి చేరిందో అడిగి తెలుసుకోవాలి.

దస్తావేజులేఖరి
ఓటేరి గారన్న "పేరు తప్పితే లేదంటారు" అన్నది ఇండెక్సుకీ వర్తిస్తుంది. వృత్తి, కులం మాటలు గుమస్తా చెవిన పడ్డట్టు రాసినవి. కటిక, కటికె, కట్టిక, కసాయి, కసాబు, కసాప్పు, ఖటిక్, ఆరె, ఆర్య, మరాఠా, మరాట్టి... ఈ రూపాలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇప్పుడు 'కసాయి' అంటే తిట్టులా వినబడుతుంది గానీ పాత కాగితంలో అది వృత్తి పేరే, కోపం తెచ్చుకోకుండా వెతకాలి.

పాతపట్నం
ఆ వరసలోనే ఒక హెచ్చరిక. థర్‌స్టన్ 1909లో అచ్చేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో కటికె మీద ఎంట్రీ చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. అది 1886 కర్నూలు జిల్లా మాన్యువల్ నుంచి ఎత్తుకున్నది. కర్నూలు నవాబుల కాలపు సుల్తానీ కటికెల ముచ్చట అందులో ఉంది. కర్నూలు వాళ్ల సంగతి కర్నూలు వాళ్లది. నెల్లూరు, కడప నుంచి దిగినవాళ్లకు అంటగట్టొద్దు.

జనాభా లెక్కల కాగితాలు అడిగేవాళ్లు కూడా ఉంటారు. ఇంటింటి ఫారాలు దాచలేదు, పట్టికలే మిగిలాయి. ఎగ్మూరు తమిళనాడు ఆర్కైవ్స్‌లో దానికోసం రోజులు పాడుచేసుకోవద్దు. అక్కడ చూడాల్సింది స్థానిక స్వపరిపాలన శాఖ జీవోల వార్షిక ఇండెక్సు. 'కోత తొట్లు', 'కటికవాళ్లు', 'మార్కెట్లు', 'లైసెన్సులు' అన్న శీర్షికలు తిరగేయండి. ఫీజు పెంచినప్పుడో, తొట్టి నియమాలు మార్చినప్పుడో వ్యాపారులు అర్జీ పెట్టుకుంటే ఆ అర్జీ కింద సంతకాల వరస ఉంటుంది. ఒక్క అర్జీ దొరికితే ఒక్క పేట కటికలందరి పేర్లూ ఒకే కాగితం మీద దొరికినట్టే. కార్పొరేషన్ వార్షిక నివేదికల్లో ఎన్ని గొర్రెలు కోశారో ఉంటుంది గానీ ఎవరు కోశారో ఉండదు.

పంచాంగం
"ధాత కరువు" అన్నది గట్టి ఆధారం, తేలిగ్గా తీసుకోవద్దు. ధాత అంటే అరవై తెలుగు సంవత్సరాల్లో ఒకటి, ఇక్కడ 1876-77. 1876-78 కరువు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను ఊడ్చేసింది. మళ్లీ ధాత 1936-37లో వచ్చింది, అప్పుడు ఆ స్థాయి కరువు లేదు. కాబట్టి మొదటిదే.

లెక్క సరిచూద్దాం. తాత 1958లో నలభై ఏళ్లవాడైతే పుట్టింది 1918 దగ్గర. తరానికి పాతిక, ముప్ఫై ఏళ్లు వేస్తే ముత్తాత 1890 ప్రాంతం. అంటే కరువులో దిగింది ముత్తాత కాదు, అతని తండ్రి, అప్పటికి పిల్లాడో కుర్రాడో. కరువుకి ముందే, 1871 నాటికి, మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు పడింది. కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని ఆ దారిలోవే. ముందు ఆ వరసలో వెతకండి.

దస్తావేజులో ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1341 అంటే 1931 జూలై నుంచి 1932 జూన్ దాకా. పెద్దవాళ్ల నోట తేదీలు రాబట్టాలంటే సంవత్సరం అడగొద్దు. "ఎండెన్ గుండు వేసినప్పుడు పుట్టాడా?" (జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు వేసిన 1914 సెప్టెంబరు 22), "బాంబుల భయంతో ఊరు ఖాళీ చేసినప్పుడు ఎంతవాడు?" (1942 ఏప్రిల్), "ఆంధ్ర విడిపోయినప్పుడు పెళ్లయిందా?" (1953 అక్టోబరు 1) ఇలా అడగాలి. ఇంకోటి, "రంగం పోయొచ్చాడు" అంటే రంగూన్. శ్రీరంగం అనుకుని తిరుచ్చి దాకా పోయినవాళ్లున్నారు.

తొట్టివీధి
అప్‌డేట్. గుండు 1,372 గ్రాములు, వీశెగుండే. 1949 తనఖా రెండో పేజీలో "412/1931, ఒకటో బుక్కు" అని కనబడింది. పురసవాక్కంలో లేదన్నారు, పెరియమేట్‌లో దొరికింది, సర్టిఫైడ్ కాపీ వచ్చింది. తెలుగులోనే ఉంది. మొదటి వరసలు ఇవి, పేర్లు తీసేశాను:

"...మదరాసు సహరు పులియాంతోపు కాపురస్తుడున్ను, కడప జిల్లా ప్రొద్దుటూరు కసుబా పూర్వ కాపురస్తుడయిన కటిక ఫలానా వారి కొమారుడున్ను, ఆరె కులస్తుడున్ను, మాంసపు అంగడి వ్యాపారియున్ను అయిన ఫలానా, పెరియమేటు తోళ్ల మండీ ఫలానా సాహేబు గారికి వ్రాయించి యిచ్చిన తనఖా దస్తావేజు..."

రాసినవాడు ముత్తాత. తండ్రి పేరు దొరికింది. "పూర్వ కాపురస్తుడు" తండ్రికా కొడుక్కా?

దస్తావేజులేఖరి
వాక్యం కట్టిన తీరు చూస్తే తండ్రికే. 'కాపురస్తుడున్ను' అన్నచోట రాసిచ్చేవాడి నివాసం అయిపోయింది, తర్వాత వచ్చిన 'పూర్వ కాపురస్తుడయిన' తండ్రి పేరుకి అతుకుతుంది. 'కసుబా' అంటే తాలూకా కేంద్రమైన ఊరు, అంటే ప్రొద్దుటూరు పట్టణమే, చుట్టుపక్కల పల్లె కాదు. అయితే గుమస్తాలు పల్లెలవాళ్లను కూడా ఒక్కోసారి కసుబా పేరుతోనే రాసేస్తారు, దాన్ని మనసులో పెట్టుకోండి.

తనఖా తోళ్ల మండీకి రాయడం ఈ వ్యాపారంలో మామూలే. షావుకారు ముందు డబ్బిచ్చి, కోసిన మేకల గొర్రెల తోళ్లు తన మండీకే వేయాలని కట్టుబాటు చేసుకుంటాడు. కాబట్టి అదే షావుకారు పేరుతో మొదటి ఇండెక్సు వెతికించండి. అతని దగ్గర తనఖా పెట్టిన మిగతా కటికలందరూ వస్తారు, వాళ్లలో మీ బంధువులు ఉంటారు. తోళ్ల కట్టుబాటు విడిగా రాసి రిజిస్టరు చేయించి ఉంటే అది నాలుగో బుక్కులో పడుతుంది, వారసుడిగా అడగాలి.

ఈ 1931 కాపీ చివరి పేజీలో సాక్షుల పేర్లు ఏమున్నాయి?

తొట్టివీధి
ఇద్దరు. ఒకరు పెరియమేట్ మండీ గుమస్తా. ఇంకొకరి పేరు పక్కన "ప్రొద్దుటూరు" అని, కింద వేలిముద్ర.

ఆరెమాట
ఆ రెండో సాక్షే ముఖ్యం. మద్రాసులో తనఖాకి ప్రొద్దుటూరు మనిషి వచ్చి వేలిముద్ర వేశాడంటే బావమరిదో మేనమామో అయ్యుంటాడు. ఆ పేరు, తండ్రి పేరుతో ప్రొద్దుటూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 1920 నుంచి 1940 దాకా ఇండెక్సు అడగండి. ప్రొద్దుటూరులో ఆరెకటికల పెద్దలు దొరికితే ముందు పేరు చెప్పకండి. మద్రాసు పోయిన ఇల్లు ఏదైనా ఉందా అని మాత్రం అడగండి. పేరు ముందే చెబితే అందరూ అవునంటారు.